ఎనిమిది గ్లాసులు

ఫిబ్రవరి 4, మంగళవారం

తూనీగా,

మొన్న ఆదివారం ఫోనులో మీ అమ్మతో మళ్ళీ జ్వరం వచ్చిందని చెప్పావట. అమ్మమ్మకు చెప్పొద్దని కూడా అన్నావట. మీ అమ్మ నోట్లో నువ్వుగింజ నానదని తెలిసీ ఆమెకే చెప్పావు కనుక, నాకు తెలియాలనే చెప్పావని అనుకుంటున్నాను. అందుకే ఈ ఉత్తరం. ఫోనులో నాకు సగం మాటలే వినబడతాయి. నువ్వు అబద్ధాలన్నీ ఆ వినబడని సగంలోనే పెడతావు. కాగితం మీద ఆ సౌకర్యం ఉండదు.

నా పుస్తకం ప్రకారం నీ మొదటి జ్వరం అక్టోబరు 19న. రెండోది డిసెంబరు 7న. మూడోది ఇది. మూడుసార్లూ మూత్రంలో అదే మంట, అదే నడుంనొప్పి, అదే చలి. మూడుసార్లూ డాక్టరమ్మ చెప్పింది ఒకటే, నీళ్ళు బాగా తాగమని. చీటీ మీద ఆ మాట కింద రెండు గీతలు కూడా గీసిందట. గీతలు గీసిన వాక్యం కూడా అర్థం కాని చదువు నీకు నేను చెప్పలేదే!

ముప్ఫై నాలుగేళ్ళు బడి నడిపాను. ఆరోగ్యమంటే క్రమశిక్షణకు వచ్చే మార్కులని ప్రతి ఏడూ మొదటిరోజు బోర్డు మీద రాసేదాన్ని. మంచి తిండికి డబ్బు కావాలి, ఒప్పుకుంటాను. మంచి నీళ్ళకు ఏం కావాలి? బద్ధకం తప్ప అడ్డేముంది?

ఒక్కచోట నిలవవనే నీకు ఆ పేరు పెట్టాను. బువ్వ తినిపించాలంటే వీధి చివరిదాకా నీ వెనక పరుగెత్తేవాళ్ళం. అలాంటి నువ్వు రోజుకు పది గంటలు మిషను ముందు కూర్చుని చొక్కాలకు కాలర్లు కుడుతున్నావంటే నాకింకా నమ్మకం కుదరదు. లేచి నాలుగడుగులు వేసి నీళ్ళు తాగడం అంత కష్టమా?

దీనితో పాటు స్టీలు సీసా ఒకటి, గళ్ళు గీసిన అట్ట ఒకటి పంపుతున్నాను. ఏ రోజు ఎన్ని గ్లాసులు తాగావో ఆ రోజు గడిలో అంకె వెయ్యాలి. ఎనిమిదికి తగ్గకూడదు. నెలాఖరుకు అట్ట నా చేతికి రావాలి.

గీతలు గీసి మరీ చెబుతున్న
అమ్మమ్మ


ఫిబ్రవరి 12

అమ్మమ్మకు,

సీసా అందింది. తళతళా మెరిసిపోతోంది. గదిలో కిటికీ గట్టు మీద పెట్టాను, దాని పక్కన మా అద్దం కూడా వెలవెలబోతోంది. అట్ట గోడకు అంటించాను. రోజూ ఎనిమిది గ్లాసులు తాగుతాను, ఒట్టు. ఇక నువ్వు నిశ్చింతగా ఉండు.

నేను కాలర్లు కుట్టడం నీకు నమ్మకం కుదరడం లేదా? గంటకు అరవై కుడుతున్నాను. మా లైనులో నలభై మందిమి. ముందు వాళ్ళు కుట్టింది నా దగ్గరికొస్తుంది, నేను కుట్టింది నా పక్కనున్న కాజాలక్క దగ్గరికెళ్తుంది. ఆవిడ కాజాలు, గుండీలు చూస్తుంది కనుక ఆ పేరు. నా దగ్గర ఒక్క నిమిషం ఆగితే అటు నలుగురికి కుప్ప, ఇటు నలుగురికి ఖాళీ. మా సూపర్‌వైజర్ని అందరం ‘గడియారం’ అంటాం. మనిషి మంచివాడో చెడ్డవాడో ఇంతవరకు ఎవరికీ తెలియలేదు, టైము మాత్రం తెలుస్తుంది. మొన్న లైనందరి ముందూ నన్ను చూపించి, “ఈ అమ్మాయిని చూసి నేర్చుకోండి. పొద్దున కూర్చుంటే సాయంత్రమే లేస్తుంది” అన్నాడు. చూశావా, నీ తూనీగ ఎంత మారిపోయిందో!

జ్వరం తగ్గింది. నడుం కొంచెం పట్టేసింది, అంతే. కూర్చునే పని కదా.

అమ్మకు చెప్పు, ఆమె నోట్లోని నువ్వుగింజ నాకు చేరిందని.

తూనీగ


మార్చి 3

తూనీగా,

నీ అట్ట అందింది. ఫిబ్రవరి 13 నుంచి 28 వరకు పదహారు గళ్ళు. పదహారింటిలోనూ ఎనిమిది. ఆదివారం ఎనిమిది, పనిరోజు ఎనిమిది, ఎండకూ ఎనిమిది, మబ్బుకూ ఎనిమిది. బతికున్న మనిషి లెక్క ఇలా ఉండదమ్మా. ఒకరోజు ఆరు, ఒకరోజు తొమ్మిది, ఒకరోజు మరిచిపోయి కొట్టివేత ఉంటుంది. పక్కవాడి పలక చూసి రాసిన లెక్కలే ఇంత చక్కగా ఉంటాయి. పైగా ఇరవైమూడున నీకు మళ్ళీ మంట మొదలైందని మీ అమ్మ చెప్పింది. నిజంగా ఎనిమిది తాగేదానికి మంటెందుకు వస్తుంది?

కాబట్టి నేను చేయవలసింది చేశాను. మీ కంపెనీ మేనేజరుగారికి ఉత్తరం రాశాను. “మా మనవరాలికి చిన్నప్పటి నుంచీ నీళ్ళు తాగే అలవాటు లేదు. దయచేసి మీ పర్యవేక్షణలో తాగించగలరు” అని మర్యాదగా, అరపేజీలో ముగించాను. పిల్ల దారి తప్పితే పెద్దవాళ్ళు నేరుగా హెడ్మాస్టరుకు రాయాలి, ఇంట్లో కూర్చుని గొణగకూడదు. ఆ మాట వందలమంది తల్లిదండ్రులకు నేనే చెప్పాను. నా మాట నేను పాటించకపోతే ఎలా?

ఈ నెల అట్టలో కొట్టివేతలుండాలి.

అమ్మమ్మ


మార్చి 11

అమ్మమ్మా,

నీ ఉత్తరం మేనేజరు చదవలేదు. గడియారానికిచ్చారు. ఆయన లైను ఆపి మరీ చదివాడు. లైను ఎప్పుడూ ఆగదు, కరెంటు పోతే తప్ప. నీ అరపేజీకి ఆగింది.

“విన్నారా? ఈ అమ్మాయికి నేను దగ్గరుండి నీళ్ళు తాగించాలట. గ్లాసు పట్టుకుని వెనకాలే తిరగమంటారా?” అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, ఏం చెయ్యను? తరువాత ఆయన నవ్వడం మానేసి, “తాగాక ఏమవుతుందో ఆ పెద్దావిడకు తెలుసా? నాకు తెలుసు. ఇంటికి ఉత్తరాలు రాయించేంత తీరిక ఈ లైనులో ఉందంటే తప్పు నాదే” అని మేకుకు వేలాడే టోకెన్లలో ఒకటి తీసి జేబులో వేసుకున్నాడు.

టోకెనంటే నీకు తెలియదు. నేను చెప్పలేదు. ఇత్తడి బిళ్ళ. అది చేతిలో ఉంటేనే బాత్రూముకు వెళ్ళాలి. నలభై మందికి రెండుండేవి. ఇప్పుడు నీ ధర్మమా అని ఒకటి. బాత్రూములు హాలుకు ఆ చివర, మెట్ల కింద. పోను రెండు నిమిషాలు, రాను రెండు, ఐదు దాటితే పుస్తకంలో పేరు. ఒకరి పేరు పడితే ఆరోజు లైనందరికీ బోనసు పోతుంది. తిలాపాపం తలా పిడికెడు. అందుకని టోకెను అడిగితే ముందు కసిరేది గడియారం కాదు, పక్క మిషను వాళ్ళే. ఇప్పుడు ఎవరూ నాతో మాట్లాడటం లేదు. కాజాలక్క ఒక్కతే, “మీ అమ్మమ్మకు పుణ్యముంటుంది గానీ, ఇంకో ఉత్తరం మాత్రం రాయొద్దని చెప్పవే తల్లీ” అంది.

నీ సీసా కిటికీ గట్టు మీద ఎందుకుందో తెలుసా? గేటు దాటనివ్వరు. గుడ్డ మీద నీళ్ళు పడతాయని.

నా లెక్క దొంగలెక్క అన్నావు. కాదు. రోజూ ఎనిమిది గ్లాసులూ తాగాను. గదికి వచ్చాక, ఏడు నుంచి తొమ్మిదిలోపు, వరసగా, నీ మీద ఒట్టేసిన పాపానికి, కడుపు ఉబ్బిపోయేలా. గళ్ళు గీసింది నువ్వు. ఎన్ని అని అడిగావు. ఎప్పుడు అని అడగలేదు.

తూనీగ


మార్చి 17

తూనీగా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మేనేజరు తనకు రాసిన ఉత్తరాన్ని కిందివాడి చేతికిస్తాడని నేను ఊహించలేదు. అది ఆయన తప్పు. గళ్ళలో టైముకు చోటు వదలకపోవడం నా తప్పు. ఒప్పుకుంటున్నాను. కొత్త అట్ట పంపుతున్నాను. ఎప్పుడు తాగావు, ఎప్పుడు వెళ్ళావు, రెండు వరసలు. నిజం రాయి.

అయితే ఒక మాట. నియమం ఉన్నచోట నియమంలోనే దారి వెతుక్కోవాలి. పొద్దున బయలుదేరే ముందు ఒకసారి, భోజనం వేళ ఒకసారి, వచ్చాక ఒకసారి. మనసు పెడితే సరిపోదా? నలభై మందికి ఒక్క టోకెనని వాపోతున్నావు. మన బడి గుర్తు లేదా? తరగతికి నలభై ఐదుమంది, తలుపు పక్కన మేకుకు ఒక్క చెక్క. అది పట్టుకున్నవాళ్ళే బయటికి వెళ్ళాలి, తిరిగొచ్చి తగిలించాకే ఇంకొకరు. ముప్ఫై నాలుగేళ్ళు అలాగే నడిచింది. ఎవరికీ ఏమీ కాలేదు.

కోపంలో రాసిన ఉత్తరానికి నేను కోపంగా జవాబివ్వలేదని గమనించు.

అమ్మమ్మ


మార్చి 29, ఆసుపత్రి

అమ్మమ్మా,

అమ్మ చెప్పే ఉంటుంది. ఇరవై నాలుగున మిషను మీదే వణుకు పట్టింది. కాజాలక్క, ఇంకో ఇద్దరు ఆటోలో తీసుకొచ్చారు. ఇప్పుడు జ్వరం దిగింది. జబ్బు కిడ్నీకి పాకిందట. కుడివైపు దానికి మచ్చ పడిందన్నారు. ఇంకా రెండోది ఉందిగా అని నేను జోకేస్తే డాక్టరమ్మ నవ్వలేదు. ఇలాగే మళ్ళీ మళ్ళీ వస్తే ఆ ఒకటి దక్కదని, రెండోదానికీ పూచీ లేదని అంది. రెండు గంటలకోసారి నీళ్ళు, రెండు గంటలకోసారి బాత్రూము. చీటీ మీద మళ్ళీ గీతలు గీసింది. ఆవిడ కూర్చునే గదికి ఆనుకునే బాత్రూముంది. తలుపు మీద ఆవిడ పేరుంది.

నువ్వడిగిన అట్టలో మూడురోజులే నిండాయి. అన్నీ ఒకేలా ఉన్నాయి, మళ్ళీ దొంగలెక్క అంటావేమో. ఒకరోజుది రాస్తాను. ఉదయం 5.10, వెళ్ళాను. ఆరు గదులకు ఒక్కటే దొడ్డి, వరసలో నాది నాలుగో చెంబు. నీళ్ళు: లేదు. మధ్యాహ్నం 1.05, మూడువందల మందికి మూడు బాత్రూములు, నా ముందు ముప్ఫై మంది, గంట మోగింది, వెళ్ళలేదు. నీళ్ళు: అర గ్లాసు, ముద్ద దిగడానికి. సాయంత్రం 7.20, వెళ్ళాను. తరువాత ఎనిమిది గ్లాసులు. ఎప్పటిలాగే.

ఎవరికీ ఏమీ కాలేదు అన్నావు. నేను మూడో తరగతిలో ఉన్నాను. ఆ పీరియడు నీదే. చెక్క వేరే పిల్ల పట్టుకెళ్ళింది. మూడుసార్లు చెయ్యెత్తాను. “చెక్క వచ్చాక” అన్నావు మూడుసార్లూ. రాలేదు. బెంచీ తడిసింది. మనవరాలని చూడకూడదని నా చేతే తుడిపించావు, శుభ్రతకు సున్నా వేశావు. ఆ మర్నాటి నుంచి నేను బడికి నీళ్ళు తాగి వెళ్ళలేదు. పదో తరగతి దాకా. గడియారం నాకేమీ నేర్పలేదమ్మమ్మా. నేర్చుకునే వెళ్ళాను. అందుకే అందరికన్నా నన్ను మెచ్చుకున్నాడు.

ఇది దెప్పడానికి రాయలేదు. ఇంకో సంగతుంది. నిన్న ఆఫీసు నుంచి ఒకాయన కాగితం తెచ్చాడు. ‘ఈ జబ్బు నాకు ఉద్యోగంలో చేరకముందు నుంచే ఉంది, పనికీ దీనికీ సంబంధం లేదు’ అని ఉంది. ఏప్రిల్ 14లోపు దాని మీద సంతకం పెట్టి, ఆరోగ్యంగా ఉన్నానని డాక్టరు చీటీ తెస్తే మిషను నాది. లేకపోతే ఇంకొకరిది. నేను సంబంధం ఉందన్నాను. ఆయన ఫైలు తెరిచి నీ ఉత్తరం చూపించాడు. “చిన్నప్పటి నుంచీ నీళ్ళు తాగే అలవాటు లేదు. రాసింది మీ అమ్మమ్మగారేగా? హెడ్మాస్టరమ్మగారేగా?” అన్నాడు. నీ దస్తూరి ఎంత బాగుందో మెచ్చుకున్నాడు కూడా.

సంతకం పెడితే మళ్ళీ అదే కుర్చీ, అదే టోకెను. పెట్టకపోతే గది అద్దె లేదు, అమ్మకు పంపేది లేదు. ఏం చెయ్యమంటావు?

ఇక్కడికొచ్చిన మొదటిరోజు నర్సును “వెళ్ళనా?” అని అడిగాను. “నన్నెందుకమ్మా అడుగుతావ్? లేచి వెళ్ళు” అంది. ఎందుకో గాని ఏడుపొచ్చింది.

తూనీగ


ఏప్రిల్ 5, శనివారం

తూనీగా,

ఈ ఉత్తరం ఈ రోజే ఎందుకు రాస్తున్నానో ముందు చెబుతాను. నీ ఉత్తరం రెండో తేదీన అందింది. ఆ మధ్యాహ్నమే జవాబు మొదలుపెట్టి, పెద్దల అలవాటున ‘ఉభయకుశలోపరి’ అని రాయబోయి ఆగిపోయాను. ఒకవైపు కుశలం లేదని చేతిలో కాగితం ఉండగా ఆ మాట ఎలా రాయను? మూడురోజులు తిరిగాను. కూర్చోలేకపోయాను. నీ పేరు నాకు పెట్టాల్సింది. తిరిగి తెలుసుకున్నది రాస్తేనే ఇది జవాబవుతుంది.

ముందు అటక మీది పెట్టె దింపించాను. బడి మానేసిన పిల్లల పుస్తకాలు నా దగ్గరే ఉన్నాయి. పేరు, తేదీ, కారణం. పాతవి ఒక పదేళ్ళవి చూశాను. ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల్లో మానేసిన ఆడపిల్లలు అరవై ఒక్కరు. అందులో నలభై ఎనిమిది మంది ఎదుట కారణం గడిలో నా అక్షరాలతో ‘నిర్లక్ష్యం’ అని ఉంది. ఎవరినీ అడిగి రాసింది కాదు. వాళ్ళు మానేయడానికి ముందు ప్రతి నెలా మూడు నాలుగు రోజులు రాలేదని హాజరులో ఉంది. అది కూడా నేనే వేశాను. రెండు పుస్తకాలూ నా బల్ల మీదే ఉండేవి, పక్కపక్కన పెట్టి ఒక్కనాడూ చూడలేదు.

ఆ నలభై ఎనిమిది మందిలో ఒకామె మన వీధి మలుపులోనే కూరగాయలమ్ముతుంది. పాతికేళ్ళుగా ఆమె దగ్గరే కొంటున్నాను. నిన్న వెళ్ళి, ఎందుకు మానేశావమ్మా అని అడిగాను.

పకపకా నవ్వింది. “ఇప్పుడా టీచరుగారూ అడిగేది! నా కూతురి చదువు కూడా అయిపోయింది.”

“చెక్క కోసమా?” అన్నాను.

“చెక్కదేముందండీ, ఎలాగోలా దొరికేది. తలుపుకు గడియ లేదు కదా. ఒకరు లోపలికెళ్తే ఇంకొకరు బయట పట్టుకోవాలి. పట్టుకుందామంటే రెండో చెక్క లేదు” అంది. తరువాత తూకం వేస్తూ, “అప్పుడు మీకు చెబితే కొడతారని భయం. ఇప్పుడు చెబితే బాధపడతారని చెప్పలేదు” అంది.

రెండువందల నలభై మంది ఆడపిల్లలకు రెండు దొడ్లు. ఒకదానికి గడియ లేదు. ఒక ఏడు కొంత డబ్బు మంజూరై, ప్రహరీగోడా మరుగుదొడ్లా అని పైవాళ్ళు అడిగితే నేను గోడకు సంతకం పెట్టాను. గోడ చాలా బాగుంటుంది. ఇప్పటికీ ఉంది.

నీ బెంచీ సంగతి నాకు గుర్తుంది. గుర్తులేదని రాస్తే సులువుగా ఉండేది. నేను దాన్ని నిష్పక్షపాతమని రాసుకున్నాను.

ఆరోగ్యం క్రమశిక్షణకు వచ్చే మార్కులన్నాను. నీ అంత క్రమశిక్షణ నేనెక్కడా చూడలేదు. దానికి వచ్చింది ఆ మచ్చ. బద్ధకం తప్ప అడ్డేముందని అడిగాను. గేటు, టోకెను, బోనసు, మెట్లు, గంట, ఆరు గదులకు ఒక్క దొడ్డి. అడ్డాల లెక్క ఇది. ఏడో గడి ఉంటే అందులో నేనుంటాను.

చేతులు కాలాక ఆకులు పట్టుకుంటున్నానని మీ అమ్మ అంది. నిజమే. మిగిలిన చెయ్యి కాలకుండా చూడాలి కదా. ఇక జరగవలసినవి. వరస మార్చకు.

1. ఆ కాగితం మీద సంతకం పెట్టకు. చించకు కూడా. నేను వచ్చేదాకా తలగడ కింద ఉంచు. ఎవరైనా తొందరపెడితే, మా ఇంట్లో సంతకాల లెక్క అమ్మమ్మ చూస్తుందని చెప్పు.

2. మేనేజరుకు నేను రెండో ఉత్తరం ఈ రోజే రిజిస్టరు పోస్టులో పంపాను. ‘నా మొదటి ఉత్తరంలోని వాక్యం తప్పు. నా మనవరాలు ఏడేళ్ళ వయసు వరకు నీళ్ళు బాగా తాగేది. మానడానికి కారణం మొదట నా బడి, తరువాత మీ లైను’ అని తేదీలతో రాశాను. ఫైలులో మొదటిది ఉంటే రెండోదీ ఉండాలి. నకలు ఒకటి లేబరు ఆఫీసుకు పంపాను. ఒకటి నా సంచిలో ఉంది.

3. డాక్టరమ్మను నీళ్ళ కింద గీతలు గీయడం ఆపమను. ‘రెండు గంటలకోసారి ఈమెను బయటికి పంపాలి’ అని కంపెనీ పేరు మీద రాయమను. నీకు రాస్తే అది సలహా. వాళ్ళకు రాస్తే అది లెక్క.

4. నలభై అట్టలు గీశాను. తాగిన టైము, అడిగిన టైము, వెళ్ళిన టైము. నేను తెస్తున్నాను. కాజాలక్క ఒప్పుకుంటేనే లైనులో పంచాలి. నా మూలంగా పోయిన టోకెను సంగతి ముందు ఆమెకు క్షమాపణ చెప్పుకుని, తరువాతే అడుగుతాను. ఒక్క పిల్ల లెక్కయితే అలవాటంటారు. నలభై మంది లెక్క ఒకేలా ఉంటే, ఈసారి దాన్ని దొంగలెక్క అనడం కష్టం.

5. నేను 9వ తేదీ పొద్దుటి రైలుకు వస్తాను. 14న ఫ్యాక్టరీ గేటు దగ్గర నీతో ఉంటాను. ఆ రోజు మిషను ఇవ్వనంటే లేబరు ఆఫీసులో కూర్చుంటాం. వాళ్ళు ఎన్నాళ్ళకు తేలుస్తారో నాకు తెలియదు. తేలేదాకా గది అద్దె నా పెన్షనులోంచి. ఇందులో వాదన లేదు.

6. బడి నుంచి చెక్క తెచ్చేశాను. నేను వెళ్ళేసరికి ఇంకా అదే మేకుకు ఉంది. ఇప్పటి హెడ్మాస్టరమ్మ నా శిష్యురాలే. “మీరు పెట్టిన నియమమే కదా టీచర్” అంది. తీయడానికీ నాకే హక్కుందన్నాను. గడియకు వడ్రంగిని నేనే పంపాను. సోమవారం బిగిస్తాడు.

7. నన్ను క్షమించడం ఈ వరసలో లేదు. అది నీ ఇష్టం. దానికి తేదీ వెయ్యలేను.

8. ఈ ఉత్తరం మడిచి పక్కన పెట్టు. ఒక గ్లాసు నీళ్ళు తాగు. వెళ్ళాలనిపించినప్పుడు లేచి వెళ్ళు. ఎవరినీ అడగకు.

అమ్మమ్మ